పునుగు వేడిగా ఉందని వాడికి తెలుసు

మా అక్క చిన్న కొడుకు ఏడెనిమిదేళ్ల వయసులో వేసవి సెలవులకు విజయవాడ వచ్చినప్పుడల్లా, సాయంత్రం పూట సత్యనారాయణపురంలో మా వీధి చివరనున్న బండి దగ్గరికి నాతో పాటు వచ్చేవాడు. బండాయన బాణలిలోంచి పునుగులు తీసి, నూనె ఓడ్చి, కాగితంలో పోసి, పక్కన అల్లప్పచ్చడి వేసి ఇచ్చేవాడు. కాగితం చేతికి అందీ అందకముందే వీడు ఒక పునుగు నోట్లో వేసుకునేవాడు. కళ్లలో నీళ్లు తిరిగేవి. నోరు తెరిచి హా హా అని గాలి పీల్చుకునేవాడు. అయినా ఉమ్మేవాడు కాదు, మింగేసి వెంటనే రెండోదానికి చెయ్యి చాపేవాడు. మర్నాడు నాలుక పొక్కి, అన్నంలో కారం తగిలితే ఏడ్చేవాడు. ఆ సాయంత్రం మళ్లీ అదే వరస. నేనూ బండాయనా నవ్వుకునేవాళ్లం. "ఆత్రగాడికి బుద్ధి మట్టు" అని మా అమ్మ ముద్దుగానే తిట్టేది.

పునుగు కాలుతుందని వాడికి తెలియక కాదు. అడిగితే "కాలుతుంది మామయ్యా" అని వాడే చెప్పేవాడు. తెలిసిన సంగతి చేతిని ఆపలేకపోయేది, అంతే. దాదాపు పదేళ్ల తరవాత, వాడికి పదిహేడో ఏడు నడుస్తుండగా, గుంటూరులో ఒక మానసిక వైద్యురాలి గది బయట బల్ల మీద కూర్చుని నేనూ అక్కా మా వంతు కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఆ పునుగుల కాగితం నాకు గుర్తుకు వచ్చింది. గోడ మీద మత్తుపదార్థాలు ప్రాణాలు తీస్తాయని హెచ్చరించే పోస్టరు ఒకటి అంటించి ఉంది. గంజాయి అలవాటుతో అక్కడికి వచ్చిన మా వాడు దానిని చదివి తల తిప్పుకున్నాడు. అందులో వాడికి తెలియని మాట ఒక్కటీ లేదు.

ఇది రాయడానికి వాడి అనుమతి తీసుకున్నాను. చదివి వినిపించి, వాడు తీసెయ్యమన్న రెండు సంగతులు తీసేశాను.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు ఇరవై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం చెబుతున్నాను. నాడీ వ్యవస్థ పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద మెదడు బొమ్మ గీసి, ముందరి భాగం ఆలోచనకు, నిర్ణయానికి, నిగ్రహానికి స్థానమని చెప్పి, భాగాలు గుర్తించమని ప్రశ్న ఇచ్చి ముందుకు సాగిపోయేవాడిని. నుదురు వెనక ఉండే ఆ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఎదుగుదల ఇరవై ఏళ్లు దాటిన తరవాత కూడా, సుమారు పాతికేళ్ల వరకు, కొనసాగుతూనే ఉంటుందనీ, అంటే నా ఎదుట బెంచీల మీద కూర్చుని ఆ బొమ్మ దించుకుంటున్న ఒక్కరికి కూడా ఆ భాగం ఇంకా పూర్తికాలేదనీ ఏనాడూ వాళ్లకు చెప్పలేదు. సిలబస్‌లో లేదు, పరీక్షలో రాదు. అదే వయసులో మెదడు లోపలి పొరల్లో, సుఖాన్నీ బహుమతినీ పసిగట్టే న్యూక్లియస్ అక్యుంబెన్స్ వంటి భాగాలు మాత్రం డోపమైన్ అనే రసాయనానికి గట్టిగా స్పందిస్తూ ఉంటాయి. ఈ రెండింటి ఎదుగుదల ఒకే వేగంతో సాగకపోవడమే కౌమారంలోని దుడుకుతనానికి ఒక మూలమని లారెన్స్ స్టైన్‌బర్గ్, బి.జె. కేసీ వంటి పరిశోధకులు వివరించారు. ఈ సంగతి చెప్పేవారందరూ యాక్సిలరేటరు, బ్రేకు ఉపమానం వాడతారు. నాకు ఆ ఉపమానం అంతగా నచ్చదు. బ్రేకు పడని బండిని మనం మెకానిక్ దగ్గరికి తీసుకువెళతామే తప్ప చుట్టాలందరి ముందూ నిలబెట్టి తిట్టం.

అయితే ఈ వయసు అందరికీ వస్తుంది. మత్తులో చిక్కుకునేది కొందరే. మా అక్కకు ఇద్దరు కొడుకులు కావడం వల్ల ఈ ప్రశ్న మా ఇంట్లోనే తిష్ట వేసింది.

అందరూ భయపడింది పెద్దవాడి గురించి. బందరు కాలువలోకి వంతెన మీద నుంచి దూకినవాడు, లైసెన్సు రాకముందే బావ బండి తీసుకుని గుంటూరు నుంచి సూర్యలంక సముద్రం దాకా వెళ్లి వచ్చినవాడు, పదో తరగతిలోనే సిగరెట్ రుచి చూసినవాడు వాడే. డిప్లొమా చదివేటప్పుడు ఒకసారి గంజాయి కూడా తాగాడట. తల తిరిగింది, మళ్లీ ఆ జోలికి పోలేదు. ఇప్పుడు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తున్నాడు. చిన్నవాడు అలా కాదు. ఎత్తు నుంచి దూకడమంటే భయం, బండి వేగంగా నడపడు, కొత్తవాళ్లతో మాట్లాడడు. కానీ బాధ కలిగినా, అవమానం జరిగినా, కోపం వచ్చినా దానిని రెండు నిమిషాలు లోపల ఉంచుకోలేడు. క్యారమ్స్‌లో ఓడిపోతే బోర్డు తిరగవేసేవాడు. లెక్క తప్పితే పుస్తకం చింపేసి, తరవాత కూర్చుని టేపు అంటించుకునేవాడు. ఇంట్లో దీనిని "వాడికి పౌరుషం ఎక్కువ" అని చెప్పుకునేవాళ్లం, అదీ కొంచెం గర్వంగానే.

తొందరపాటు అనే ఒక్క మాట కింద మనం కట్టగట్టి పడేసేవి నిజానికి వేరువేరు గుణాలని వైట్‌సైడ్, లైనం అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001లో చూపించారు. ముందుచూపు లేకుండా పని చెయ్యడం ఒకటి; మొదలుపెట్టిన పనిలో నిలబడలేకపోవడం మరొకటి; కొత్తదనం కోసం, పులకింత కోసం వెతుక్కోవడం ఇంకొకటి; మనసు కలత చెందినప్పుడు ఆ కలతను వెంటనే దించుకోవడానికి ఏదో ఒకటి చేసెయ్యడం నాలుగోది. సంతోషం పట్టలేనప్పుడు ఒళ్లు మరిచి చేసే పనులను కూడా తరవాతి పరిశోధకులు ఈ జాబితాలో విడిగా చేర్చారు. తరవాత వచ్చిన అనేక అధ్యయనాలలో మళ్లీ మళ్లీ కనిపించినది ఏమిటంటే, పులకింత వెతుక్కునే గుణం పిల్లలు మత్తును రుచి చూడటంతో, ఎంత తరచుగా తాగుతారన్నదానితో ముడిపడి ఉంటుంది. కానీ అది వ్యసనంగా, జీవితాన్ని చెడగొట్టే అలవాటుగా మారడంతో ఎక్కువగా ముడిపడి ఉండేది కలతలో చేసే తొందరపాటు. మా ఇంట్లో మేము కాపలా కాసింది కాలువలోకి దూకే పిల్లవాడిని. బోర్డు తిరగవేసే పిల్లవాడు మా కళ్ల ముందే జారిపోయాడు.

ఈ సంగతి నాకు పుస్తకాల ద్వారా తెలియలేదు, ముందు ఆ వైద్యురాలు అడిగిన ఒక ప్రశ్న ద్వారా తెలిసింది. ఎంత తాగావు, ఎవరు ఇచ్చారు, డబ్బు ఎక్కడిది అనే ప్రశ్నలన్నీ అప్పటికే మేమంతా పోలీసుల్లాగా అడిగేసి ఉన్నాము. ఆమె అవేవీ అడగకుండా, "ఏ ఏ రోజుల్లో తాగేవాడివి?" అని అడిగింది. వాడు చాలాసేపు నేల చూశాడు. తరవాత, "మార్కులు అంటించిన రోజు, ఇంటికి ఫోను చేసిన రోజు" అన్నాడు.

వాడు చదివిన రెసిడెన్షియల్ కళాశాలలో వారాంతపు పరీక్షల ర్యాంకులను మెట్ల దగ్గర గోడకు అంటించేవారు. ఆ గోడ దాటకుండా భోజనశాలకు దారి లేదు. ఇక ఫోను సంగతి. ఆదివారం వరసలో నిలబడి, వార్డెన్ ఫోనులో ఐదు నిమిషాలు ఇంటికి మాట్లాడాలి. ఆ ఐదు నిమిషాల్లో అక్క మొదట ర్యాంకు అడిగేది, ఆఖర్న తిన్నావా అని అడిగేది. అక్క ఆ గదిలో ఏడవలేదు. బయటికి వచ్చి ఆటో ఎక్కాక, "ఒరేయ్ తమ్ముడూ, నేను ఆ ఫోను ఎత్తకుండా ఉన్నా బాగుండేదేమో" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆమె ఫోను వల్ల గంజాయి రాలేదు. ఆ ఫోను తరవాతి అరగంటను ఎలా గడపాలో వాడికి ఎవరూ నేర్పలేదు, ఆ అరగంటలో మేడ మీద మాత్రం నలుగురు స్నేహితులు సిద్ధంగా ఉన్నారు.

స్నేహితుల మాట వచ్చింది కనుక ఒక ప్రయోగం చెప్పాలి. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 2005లో మూడు వయోవర్గాల వారితో కారు నడిపే వీడియో ఆట ఆడించారు: పదమూడు నుంచి పదహారేళ్ల వారు, పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల వారు, ఇరవై నాలుగు దాటినవారు. ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు చిన్న పిల్లలు తీసుకునే సాహసం బాగా పెరిగింది. పెద్దవారి విషయంలో స్నేహితులు ఉన్నా లేకపోయినా తేడా దాదాపు లేదు. "వాడు మంచివాడే, సావాసమే చెడగొట్టింది" అని మన ఇళ్లలో అనే మాటలో సగం నిజం ఉందని ఈ ప్రయోగం చూశాక నాకు అనిపించింది. మిగతా సగం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఆ మేడ మీద ఉన్నవారిలో నలుగురు తాగి ఊరుకున్నారు, ఒకడు ఆగలేకపోయాడు.

ఆ ఆగలేకపోవడాన్ని కొలిచే పరీక్ష ఒకటి ఉంది. తెర మీద బాణం గుర్తు ఎడమకు చూపితే ఎడమ మీట, కుడికి చూపితే కుడి మీట నొక్కాలి. వేళ్లు అలవాటు పడ్డాక, అప్పుడప్పుడు బాణం కనిపించిన మరుక్షణం ఒక శబ్దం వస్తుంది. వస్తే నొక్కకుండా ఆగాలి. మొదలైపోయిన కదలికను వెనక్కి లాక్కోవడానికి మెదడుకు ఎంత సమయం పడుతుందో దీనితో లెక్కకడతారు. కేంబ్రిడ్జిలో కారెన్ అర్ష్ బృందం మత్తుకు బానిసలైన 50 మందినీ, ఏ వ్యసనమూ లేని వారి సొంత అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ ఈ పరీక్షకు కూర్చోబెట్టి, 2012లో ఫలితాలు ప్రచురించింది. వ్యసనం ఉన్నవారూ లేనివారూ కూడా, బయటి కుటుంబాల వారితో పోలిస్తే, ఆగడంలో వెనకబడ్డారు. అంటే ఆ బలహీనత మత్తుకంటే ముందే ఆ కుటుంబాలలో ఉంది. అయినా ఇద్దరిలో ఒకరు వ్యసనానికి బయటే ఉండిపోయారు. ఇది చదివిన రోజు రాత్రి నేను పెద్దవాడికి ఫోను చేసి, ఏ కారణమూ చెప్పకుండా పావుగంట మాట్లాడాను.

న్యూజిలాండ్‌లోని డునెడిన్ పట్టణంలో 1972-73లో పుట్టిన సుమారు వెయ్యి మంది పిల్లలను పరిశోధకులు పుట్టినప్పటి నుంచి నడివయసు దాకా వెంబడించారు. మూడేళ్ల నుంచి పదకొండేళ్ల మధ్య నిగ్రహం తక్కువగా ఉన్నట్టు గుర్తించిన పిల్లలలో ముప్ఫై రెండేళ్ల వయసుకు మత్తు వ్యసనాలు, అప్పులు, ఆరోగ్య సమస్యలు ఎక్కువగా కనిపించాయి. 2011లో టెరీ మాఫిట్ బృందం ప్రచురించిన ఆ పత్రంలోనే బ్రిటన్‌కు చెందిన కవలల గురించి కూడా ఉంది: ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరిలో ఐదేళ్లప్పుడు నిగ్రహం తక్కువగా ఉన్నవారే పన్నెండేళ్లకు సిగరెట్ మొదలుపెట్టే అవకాశం ఎక్కువ. ఇల్లు ఒకటే, తల్లిదండ్రులు ఒకరే. పెంపకం సరిగా లేదని చుట్టాలు మా అక్కను అన్న మాటలు నాకు ఇక్కడ గుర్తుకు వస్తాయి. అలా అన్నవారిలో ఒకరు, వీడికి పద్నాలుగేళ్లప్పుడు మా ఇంటి పెళ్లిలో, "మగపిల్లాడివి కాదట్రా?" అని గ్లాసులో బీరు పోసి ఇచ్చిన పెద్దమనిషే.

ఆ గ్లాసు చిన్న సంగతి కాదు. పదిహేనేళ్లు నిండకముందే మద్యం మొదలుపెట్టిన వారిలో సుమారు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారనీ, ఇరవై దాటాక మొదలుపెట్టిన వారిలో అది 10 శాతం దగ్గర ఉందనీ అమెరికాలో 1997లో వెలువడిన ఒక పెద్ద సర్వే విశ్లేషణ చెప్పింది. ఇందులో ఏది కారణం, ఏది ఫలితం అన్నది విడదీయడం కష్టం. ఆగలేని పిల్లలే తొందరగా మొదలుపెడతారు కూడా. కానీ మన చట్టం ఆ వాదన దాకా వెళ్లదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు మద్యం గాని, పొగాకు గాని, మత్తుమందు గాని ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లినప్పుడు ఈ సెక్షన్ గురించి చెప్పాను. నవ్వేసి, టీ తెమ్మని లోపలికి కేక వేశాడు.

మత్తు లోపలికి వెళ్లాక లెక్క మారిపోతుంది. ఆగడానికి పనికి వచ్చే భాగమే ఇంకా ఎదుగుతూ ఉండగా, గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే రసాయనం సరిగ్గా ఆ భాగంలోని గ్రాహకాల మీద కూడా పనిచేస్తుంది. కౌమారంలో తరచుగా తాగేవారిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతినడం, కొందరిలో మతిభ్రమ లక్షణాలు పెరగడం చాలా దేశాల్లో నమోదైంది. ఆత్రం మత్తును తెచ్చింది, మత్తు ఆత్రాన్ని పెంచింది. మా వాడి విషయంలో మొదట వారానికి ఒకసారి, ఆదివారం, తరవాత బుధవారం కూడా, ఆ తరవాత ఏ కారణమూ అక్కరలేదు.

కళాశాల వారికి తెలిసిన రోజు రాత్రి తొమ్మిదింటికి బావకు ఫోను వచ్చింది. మరునాడు పొద్దున్నే టీసీ చేతిలో పెట్టి, పరుపు, పెట్టె గేటు బయట పెట్టారు. మిగతా పిల్లల భద్రత అన్నారు, ఆ బాధ్యత ఒక అధ్యాపకుడిగా నాకు అర్థమవుతుంది. అర్థం కానిది ఏమిటంటే, ఒక్క రోజైనా ఎవరూ వాడితో కూర్చోకపోవడం. డునెడిన్ పరిశోధకులు కౌమారంలోని కొన్ని సంఘటనలను ఉచ్చులు అన్నారు: పదిహేనేళ్లకే సిగరెట్, చదువు మధ్యలో ఆగిపోవడం, అనుకోని గర్భం. నిగ్రహం తక్కువగా ఉన్న పిల్లలు వీటిలో ఎక్కువగా పడతారు, ఒకసారి పడితే తరవాతి జీవితం ఆ దారినే పోతుంది. మొదటి ఉచ్చులో పడ్డ పిల్లవాడిని ఆ కళాశాల తన చేతులతోనే రెండోదాని దాకా నడిపించి వదిలింది. కెనడాలో పనిచేసే ప్యాట్రీషియా కాన్రాడ్ బృందం తయారుచేసిన పద్ధతి ఒకటి ఉంది. బడిపిల్లలలో దుడుకు, పులకింత కోరిక, ఆందోళన, నిరాశ అనే నాలుగు గుణాలలో ఏదైనా ఎక్కువగా ఉన్నవారిని గుర్తించి, తొంభై నిమిషాల చొప్పున రెండు బృంద సమావేశాలు జరుపుతారు, అంతే. అందులో మత్తు గురించిన ఉపన్యాసం కంటే, తమ గుణాన్ని తాము ఎలా సంభాళించుకోవాలన్నదే ఎక్కువ. అది పిల్లల తాగుడును తగ్గించినట్టు పరీక్షించి చూశారు. మన కళాశాలల్లో ఒక సెలవు రోజు అదనపు తరగతికి పట్టే సమయం కంటే ఇది తక్కువ.

ఇక్కడ మా ఇంటి తప్పు కూడా చెప్పాలి. బావది గుంటూరు యార్డులో మిర్చి వ్యాపారం. సంక్రాంతి దాటితే ఎండాకాలం దాకా యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు తప్ప మరో లోకం ఉండదు. "వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాను" అని ఫోనులో చెప్పడం, ఆ ఆదివారం సరుకు దిగిందని రాకపోవడం, ఆ రెండేళ్లలో ఎన్నిసార్లు జరిగిందో బావకు లెక్క లేదు, చిన్నవాడికి ఉంది. ఇప్పుడు తింటే ఒక మిఠాయి, కాసేపు ఆగితే రెండు అని పసిపిల్లలను ఊరించి చూసే ప్రయోగం చాలామంది వినే ఉంటారు. 1960ల చివర స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ మొదలుపెట్టినది అది. ఆగిన పిల్లలే జీవితంలో పైకి వస్తారని దానిని చాలాకాలం ఊదరగొట్టారు. 2018లో ఎక్కువ మంది పిల్లలతో మళ్లీ చూస్తే, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు పలచబడిపోయింది. నాకు ఇంకా ముఖ్యంగా తోచినది 2013లో అమెరికాలోనే సెలెస్ట్ కిడ్ బృందం చేసిన మార్పు. మిఠాయి పెట్టడానికి ముందు ఒక పెద్దమనిషి కొందరు పిల్లలకు మంచి రంగు పెన్సిళ్లు తెస్తానని చెప్పి తెచ్చాడు, మరికొందరికి చెప్పి తేలేదు. మాట నిలబెట్టుకున్న చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన చోట 3 నిమిషాలు. రేపు వస్తుందన్నది రాదని తెలిసిన పిల్లవాడు ఇవాళ దొరికినది తీసుకోవడంలో తెలివితక్కువతనం ఏముంది?

విజయవాడ స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్ పీల్చే పిల్లలను చూసినప్పుడు ఈ మాట ఇంకా గట్టిగా అనిపిస్తుంది. 2019లో ఎయిమ్స్ ద్వారా వెలువడిన జాతీయ సర్వేలో, పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే: పిల్లలు, కౌమారుల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. అందులోని టోలుయీన్ వంటి ద్రావకాలు గుండె లయను తప్పించి, మొదటిసారి పీల్చినప్పుడే ప్రాణం తీయగలవు. ఆ పిల్లల ఆకలికీ మా వాడి మార్కుల దిగులుకూ పోలిక లేదు. పక్కపక్కన పెట్టడం కూడా నాకు ఇబ్బందిగానే ఉంది.

చికిత్స దగ్గరికి వస్తే, మొదట అక్క భయం పోలీసుల గురించి. ఆసుపత్రికి వెళితే కేసు పెడతారేమోనని మూడు వారాలు ఆలస్యం చేసింది. వైద్యులు రోగి సంగతులు గోప్యంగా ఉంచుతారనీ, తక్కువ మోతాదుతో పట్టుబడి కేసు పడినవారు కూడా తామే ముందుకు వచ్చి గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స పూర్తి చేసుకుంటే విచారణ నుంచి మినహాయింపు పొందే వీలు మాదకద్రవ్యాల చట్టంలోనే, 64ఎ సెక్షన్‌లో, ఉందనీ మాకు తరవాత తెలిసింది. మా మాదిరిగా రోజులు వృథా చెయ్యకుండా ఫోను చెయ్యదలచిన వారికి మత్తు విముక్తి సహాయ కేంద్రం 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. మన రాష్ట్రంలో మాదకద్రవ్యాలను అరికట్టే ఈగల్ విభాగం వారి 1972 నంబరు మత్తు సరుకు అమ్మేవారి గురించి చెప్పడానికి.

వైద్యురాలు బాల్యం నుంచి అన్నీ అడిగి, పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మంది. రెండో తరగతి నుంచి ప్రతి కార్డులోనూ ఉపాధ్యాయులు ఒకే మాట వేరువేరు చేతిరాతల్లో రాశారు: తెలివైనవాడు, కుదురు లేదు. చదువులో ముందుండటం వల్ల ఎవరూ గుర్తించని ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత, కుదురు నిలవని సమస్య అని ఆమె తేల్చింది. ఆ సమస్య ఉన్న పిల్లల్లో పెద్దయ్యాక మత్తు వ్యసనాల ముప్పు మిగతావారికంటే రెట్టింపు, కొన్నిటిలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. దుడుకు పిల్లలందరికీ ఈ సమస్య ఉందని కాదు, ఉన్నవారందరూ మత్తులో పడతారనీ కాదు. "ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మందు అలవాటు చేస్తారా?" అని అక్క అడిగింది. ఏడీహెచ్‌డీకి వాడే ఉత్తేజక మందుల వల్ల తరవాత వ్యసనం ముప్పు పెరగదని పదిహేను అధ్యయనాలను కలిపి చూసి తేల్చారని ఆమె ఓపికగా చెప్పి, అయినా వీడి పరిస్థితిలో ఉత్తేజకం కాని ఆటమాక్సెటిన్ రాసింది. అది పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పింది. ఆగలేని పిల్లవాడికి ఆగి చూడవలసిన మందు!

మందుకంటే నాకు ఎక్కువగా అర్థమైనది దూరం సంగతి. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతుంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం మా అక్కవాళ్ల గుంటూరులోనే ఉంది. ఈ 100 గజాల నియమం కంటితుడుపు వ్యవహారమని చాలాకాలం అనుకున్నాను, తాగాలనుకున్నవాడు 200 గజాలు నడవలేడా అని. నడవగలడు. కానీ ఆత్రం ఉన్న పిల్లవాడి విషయంలో ఆ నడకే విలువైనది. కోరిక పుట్టిన క్షణానికీ చేతికి అందే క్షణానికీ మధ్య ఎంత దూరం ఉంటే, ఆలోచన వచ్చి చేరుకోవడానికి అంత వ్యవధి దొరుకుతుంది. వాడి హాస్టల్ గేటు ఎదుట బడ్డీకొట్టులో సిగరెట్లు లూజుగా అమ్మేవారు. రోడ్డు దాటడానికి ఇరవై అడుగులు.

కోరిక వచ్చినప్పుడు దానితో కొట్లాడవద్దనీ, పారిపోవద్దనీ, అల లేచి విరిగినట్టు అది లేచి విరిగేదాకా చూస్తూ ఉండమనీ వైద్యురాలు చెప్పింది. అమెరికాలో అలన్ మార్లాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చాలాసార్లు పావుగంట, అరగంటలో ఆ తీవ్రత తగ్గుతుంది. గుంటూరులో పాత స్నేహితులు ఎదురవుతున్నారని వాడు కొన్నాళ్లు మా ఇంట్లో ఉన్నాడు. మొదటి వారంలోనే ఒక సాయంత్రం గదిలో అటూ ఇటూ తిరుగుతూ, "మామయ్యా, ఇప్పుడు వస్తోంది" అన్నాడు. ఏం చెయ్యాలో తెలియక బండి మీద ఎక్కించుకుని ప్రకాశం బ్యారేజీ దగ్గరికి తీసుకువెళ్లాను. అది సుమారు 1220 మీటర్ల పొడవు. ఈ చివర బండి పెట్టి నడక మొదలుపెట్టాము. మొదట వాడు నాకంటే పది అడుగుల ముందు, దాదాపు పరుగు. చేతులు జేబుల్లో పెట్టుకోవడం, తియ్యడం. సగం దాటేసరికి పక్కకు వచ్చాడు. సీతానగరం వైపు చేరేసరికి పద్దెనిమిది నిమిషాలు అయింది. "ఉంది గాని, తక్కువగా ఉంది" అన్నాడు. మళ్లీ వెనక్కి నడిచి వచ్చాము. ఆ నెలలో పదకొండుసార్లు అలా వెళ్లాము, ఒకసారి వానలో కూడా. రెండుసార్లు అవతలి గట్టు చేరినా తగ్గలేదు. ఒకసారి నాతో పోట్లాడి ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మళ్లీ గుంటూరులోనే ఉన్నాడు. ప్రైవేటుగా ఇంటర్ రెండో ఏడాది పరీక్షలకు కట్టాడు. ఆదివారాలు బావ యార్డు పని మానుకుని వాడితో ఇంట్లో ఉంటున్నాడు. మొదట్లో ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ దొరకక టీవీ చూశారట. పెద్దవాడు శనివారం రాత్రి బస్సెక్కి వచ్చి పోతున్నాడు. గత నెలలో ఒక సాయంత్రం చిన్నవాడు మళ్లీ తాగాడు. మూడో రోజు తానే నాకు ఫోను చేసి చెప్పాడు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరితో, దానికి ముందు ఏం జరిగింది అన్నవన్నీ వైద్యురాలు పెట్టమన్న నోటు పుస్తకంలో రాసుకున్నాడట. బుధవారం అపాయింట్‌మెంటు ఉంది, ఆ పుస్తకం పట్టుకుని ఈసారి ఒక్కడే వెళతానన్నాడు.